బుడ్డి మెడకు ఎర్ర దారం

1955 ఫిబ్రవరి 20, ఆదివారం. ఆదోని

మట్టి ఈసారి కుదిరింది. పోయినసారి దూది తక్కువ వేసింది నేను, పగిలిందని తిట్టింది మట్టిని. ఈసారి రేగడి మూడు దోసిళ్లు, మిల్లులో నేల ఊడ్చిన దూది ఒక దోసిలి, చింతగింజల జిగురు. పొద్దుటి నుంచి పిసికి పిసికి మణికట్లు లాగుతున్నాయి.

అటక మీద మా ఆయన పడేసిన సామానులో మూడు గాజు బుడ్లు దొరికాయి. అరచేతిలో పట్టేంతవి, మూడూ ఒకే కొలత. ఒకదాని మెడకు ఎర్ర దారం. మూడు పేటలు, గట్టి ముడి. ఎవరో మొక్కుకుని కట్టిన దారం... జబ్బుమనిషి దగ్గర ఉండాల్సిందే కదా అలాంటిది. తెంపలేదు. దారం మీదే మట్టి పూశాను, బాగా పట్టింది కూడా. దాని అడుగున తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. రెండుసార్లు నీళ్లు పోసి ఆడించినా పోలేదు. సున్నం అయి ఉంటుంది. పోనీ, కనపడేది పైన మట్టే కదా.

ముగ్గురికి మూడు. వెనక వీధి ఖాదర్‌బీకి — కడుపులో గడ్డ. ఎమ్మిగనూరు నాగప్పకు — క్షయ. గోనెగండ్లలో ఎస్తేరుకు — గుండె.

ఫిబ్రవరి 22

నీడన ఆరుతున్నాయి. మూడు పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియడం లేదు. మంచిదే, ఎవరికీ తక్కువ చేసినట్టుండదు.

అక్క పోయి నేటికి సరిగ్గా ఏడాది. మంచాన ఉన్నప్పుడు చూడవచ్చిన ప్రతివాళ్లూ బత్తాయిలు, బిస్కెట్లు. ఒక్కటీ గొంతు దిగేది కాదు. అవన్నీ తలాపున కుప్పగా పడి ఉంటే తనకే సిగ్గు. నేను మట్టి పూసి ముగ్గులేసిన బుడ్డిలో ఒక బంతిపువ్వు పెడితే మాత్రం, మొహం అటే తిప్పుకుని పడుకునేది. అప్పటి నుంచి ఈ పిచ్చి. స్కూల్లో అందరూ నవ్వుతారు. చేతిపనుల టీచరుకు బడి చాలక ఇంట్లో కూడా బడే అంటారు. అననీ.

ఫిబ్రవరి 25

రంగులు. సున్నం, జాజు, పసుపు, బొగ్గు — ఇంతకు మించి వాడను. ఖాదర్‌బీకి తీగలు, చుక్కలు. బొమ్మలు ఆమెకు పట్టవు. నాగప్పకు ఆయన నేసే అంచే వేశాను. నా చీరలన్నీ ఆయన మగ్గం మీదివే, అంచు చూసి వేయడానికి బీరువా తీస్తే చాలు. ఎస్తేరుకు పిచ్చుకలు. బడి ఆవరణలో నూకలు చల్లి వాటితో కబుర్లాడుకునేది, పదకొండేళ్లు ఆయాగా చేసినన్నాళ్లూ.

బాగా వచ్చాయి. నా పనిని నేనే మెచ్చుకోవడం మంచిది కాదంటారు. మరి ఇంకెవరు మెచ్చుకోవాలి, మా ఆయనా?

ఫిబ్రవరి 27, ఆదివారం

తొలి బస్సులో ఎమ్మిగనూరు. నాగప్ప మంచంలో సగం అయ్యాడు. మగ్గం గుంతలో వాళ్లావిడ రుద్రమ్మ చాటలు, గంపలు పెట్టుకుంది. అది చూస్తే బాధేసింది, ఆ గుంతలోకి కాళ్లు దించకుండా ఉన్న నాగప్పను నేనెప్పుడూ చూడలేదు. బుడ్డిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా అంచు నాకే తెచ్చిచ్చినావా, టీచరమ్మా! రెండు పోగులు తప్పినావు సూడు ఈడ." నిజమే, తప్పాను. నవ్వబోయి దగ్గాడు.

అక్కడి నుంచి గోనెగండ్ల. ఎస్తేరు కాళ్లు బాగా వాచాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. బుడ్డిని గుండెకు ఆనించుకుని, "పిచికలకు కాళ్లు పెట్టేది మర్సిపోయినావు, టీచరమ్మా. పాపం, యాడ వాల్తాయి అవి?" అంది. వెలుతురు లేదు, మళ్లీ వచ్చి గీసిస్తానన్నాను. వద్దంది. "నాకూ కాళ్లు పన్జేయవు కదా, ఇట్లే ఉండనీ."

మార్చి 1

ఖాదర్‌బీకి ఇచ్చాను. దువా చేసింది, నా నెత్తిన చెయ్యి పెట్టి చాలాసేపు. కోడలు మాత్రం బుడ్డిని అనుమానంగా చూసింది. ఆమె దేన్నైనా అలాగే చూస్తుంది.

మార్చి 6

ఖాదర్‌బీ బుడ్డిలో పువ్వు లేదు. దర్గా నీళ్లు పోసుకుంది. పొద్దున ఒక గుక్క, సాయంత్రం ఒక గుక్క. "పూలకమ్మా ఇది" అంటే, "రోగమొచ్చిన ముసిల్దానికి పూలెందుకు బేటీ? మట్టిబుడ్డి తెచ్చిస్తే నీళ్లకే అనుకుంటిని. సల్లగుంటాయి" అంది.

రుద్రమ్మ కూడా అంతేనట. నిన్న బజారులో వాళ్ల ఊరివాళ్లు చెప్పారు — నాగప్ప బుడ్డిలో మంత్రాలయం తీర్థం ఉంచి పూటకొక చెంచా పోస్తోందట. ఎస్తేరు ఊరుకుంటుందా, పాస్టరయ్య ప్రార్థన చేసిన నీళ్లు పోసుకునే ఉంటుంది.

ముగ్గురూ మూడు దిక్కులు, ఒక్క మాట అనుకోకుండా ఒకే పని చేశారు. కోపం రాలేదు. దాచడమెందుకు, కొంచెం గర్వపడ్డాను. నా బుడ్డి మందుబుడ్డి అయింది.

మార్చి 13, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

పొద్దున ఎలుకలు జొన్నల బస్తా కొరికాయి. ఆయన అటక ఎక్కి వెతుకుతూ, "ఎర్ర దారం బుడ్డి యాడ పెట్టినావే?" అన్నారు.

ఏ ఎర్ర దారం అన్నాను. తెలుసు కాబట్టే అడిగాను.

"మిల్లు గోడౌన్ది. పాషాణం. వానల్లో ఎలుకలకని తెచ్చి ఈడ పెట్టింటిని గదా. చిటికెడు పిండిలో కలిపితే సాలు..."

హమాలీలకు చదువు రాదు. అందుకని గోడౌన్‌లో విషం ఉన్న ప్రతి బుడ్డికీ, డబ్బాకూ ఎర్ర దారం కడతారట. ముట్టుకోవద్దని గుర్తు. ఇరవై ఏళ్లుగా గోడౌన్ గుమాస్తా భార్యను, ఈ సంగతి నాకు తెలియదు. దారం అంటే నాకు మొక్కే గుర్తొచ్చింది.

చెప్పాను. అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయారు.

వెనక్కి తిప్పి ఫిబ్రవరి ఇరవై చదివాను. అన్నీ ఉన్నాయి. దారం, ముడి, అడుగున తెల్లనిది, రెండుసార్లు కడగడం, పోనీ అనుకోవడం. నా చేతిరాత.

అదే రోజు, సాయంత్రం

డాక్టరు దగ్గరికి పోయి చెప్పేస్తానన్నాను. ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. "ఏమని సెప్తావు? ముగ్గురికి విషం పంచినా అని సెప్తావా? ఎవురికిచ్చినావో నీకే తెల్దు." గడియ పెట్టి, గొంతు తగ్గించి, "ముగ్గురూ పొయ్యేటోళ్లేనే. పోతే జబ్బుతో పోయినారంటారు. ఎవురడుగుతారు?"

ఆయన దుర్మార్గుడు కాదు. భయం అలా మాట్లాడిస్తోంది. ఆ మాట విన్నప్పుడు నా గుండె ఒక్క క్షణం కుదుటపడింది. అది ఆయన భయం కన్నా అసహ్యం.

మార్చి 14

బడికి పోకముందే ఖాదర్‌బీ ఇంటికి. రంగు సరిచేసి ఇస్తానని బుడ్డి అడిగాను. "ఇచ్చినదాన్ని మళ్లా గుంజుకుంటావా?" అని నవ్వింది. కోడలు నవ్వలేదు.

పైనంతా మట్టి, లోపల అడుగు కనపడదు. ఇంటికి తెచ్చి మెడ చుట్టూ గీకాను. వంటకత్తితో, కొద్దికొద్దిగా, చుట్టంతా.

గాజు. ఒట్టి గాజు. దారం లేదు.

నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు సగంలో ఆగిపోయింది. ఇక్కడ లేదంటే మిగిలిన ఇద్దరిలో ఒకరి దగ్గర ఉందన్నమాట.

మెడకు కొత్త మట్టి పూసి, అది ఆరక ముందే తిరిగి ఇచ్చేశాను. రేపటికి సెలవు పెట్టాను.

మార్చి 15, మంగళవారం

నాగప్ప లేడు. నిన్న తెల్లవారుజామున పోయాడు, సాయంత్రానికి అన్నీ అయిపోయాయి.

నేను వీధి మలుపు తిరిగేసరికే తెలిసింది, వాకిట్లో చెప్పులు చూసి. రుద్రమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. కడపటి నాలుగు రోజులు ఒకటే వాంతులట. "కడుపులో అగ్గి పెట్టినట్లుందే అంటాండె, టీచరమ్మా. డాక్టరు సూసి, జబ్బు పేగులకు దిగినాది అన్యాడు." క్షయకు అలా అవుతుందా? అవుతుందట. అక్కడున్న ముసలాయన కూడా అదే అన్నాడు, వాళ్ల తమ్ముడికి అలాగే అయిందట. ఆ ముసలాయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

బుడ్డి ఎక్కడ అని అడగడానికి నోరు రాలేదు. ఆమే చెప్పింది. "నీ బుడ్డి అంటే పానం ఆయప్పకు. ఆకరి దినం గూడా దాంట్లో నీళ్లే అడిగినాడు. అందుకే ఒళ్లో పెట్టి పంపిస్తిమి."

వాళ్ల పద్ధతిలో కూర్చోబెట్టి పూడ్చారు. బుడ్డి ఒళ్లో ఉంది. రెండు పోగులు తప్పిన అంచుతో.

ఇక ఆ మెడ గీకి చూడలేను.

అక్కడి నుంచి గోనెగండ్ల. ఎస్తేరు ఇంటికి తాళం. అన్న వచ్చి క్రిష్ణగిరికి తీసుకుపోయాడట, అక్కడ ఎవరో నాటు వైద్యుడున్నాడని. ఆదివారానికి వస్తుందట. బుడ్డి? "సంకలో పెట్టుకోని పోయింది" అంది పక్కింటి ఆమె.

క్రిష్ణగిరికి కార్డు రాశాను. కార్డు ఎవరైనా చదువుతారు, పోస్టుమాను చదివే ఇస్తాడు. "బుడ్డి రంగు లోపలికి దిగుతోంది, అందులో నీళ్లు తాగవద్దు" అని రాశాను. విషం అని రాయలేదు. రంగు అని రాశాను.

మార్చి 16

అన్నం సహించడం లేదు. వంటింట్లో మంచినీళ్ల చెంబు ఎత్తినా చెయ్యి ఆగుతోంది.

మార్చి 17

ఎస్తేరు బుడ్డి అడిగితే ఇవ్వదు. నాకు తెలుసు ఆమె సంగతి. అందుకని ఇంకొకటి చేస్తున్నాను, అచ్చం అలాగే. బజారులో కొత్త బుడ్డి కొన్నాను. సీకాయ, బూడిద, మరిగే నీళ్లు... మూడుసార్లు. మొదటిసారే ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే? ఆ ప్రశ్న రోజుకు నూరుసార్లు వస్తోంది, జవాబు అక్కర్లేని ప్రశ్న.

ఎండ బాగుంది, రెండు రోజుల్లో ఆరుతుంది. పిచ్చుకలకు కాళ్లు పెట్టలేదు. ఈసారి కావాలనే.

మార్చి 20, ఆదివారం

ఎస్తేరు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కూర్చుని! కాళ్లు సగానికి సగం తగ్గాయి. వేలితో నొక్కితే గుంట పడలేదు. జొన్నరొట్టె తిన్నానని చెప్పింది. పన్నెండు రోజుల తర్వాత రొట్టె తినడం అదే మొదలట.

"నీ కార్డు సదివించుకుంటి. రంగు దిగితే దిగనీలే టీచరమ్మా, కడుపు లోపల పిచికల బొమ్మ పడ్తాది అంతే." తలాపున బుడ్డి. మూతి తడిగా ఉంది.

చెప్పడానికే పోయాను. బస్సులో మాటలన్నీ కూర్చుకున్నాను. "ఇందులో విషం ఉందేమో ఎస్తేరూ" — ఇంతే, ఎంతసేపు? ఆమె మొహంలో ఆ కొత్త నిగారింపు చూశాక చెప్పలేకపోయాను. పిరికిదాన్ని. ఆమె కోసం ఆగానని రాసుకోవచ్చు ఇక్కడ, ఎవరు చూస్తారు? కానీ అది అబద్ధం.

మజ్జిగ తాగి కునుకు తీసింది. అప్పుడు మార్చాను. కొత్తదానిలో కుండ నీళ్లు పోసి అదే చోట, అదే వైపు తిప్పి పెట్టాను. పాతది సంచిలో.

తిరిగి వస్తుంటే సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎమ్మిగనూరు దాటాక తెలిసింది, దారి పొడుగునా నేను ఏం కోరుకుంటున్నానో. ఈ బుడ్డికి దారం ఉండాలని. అప్పుడు నాగప్ప తన జబ్బుతో పోయినట్టు. బతికి, రొట్టె తిని, నాతో నవ్విన మనిషి మూడు వారాలుగా విషం తాగుతూ ఉండాలని కోరుకున్నాను. ఒక్కసారి కాదు, దారంతా.

మార్చి 21

గీకలేదు.

మార్చి 22

గీకలేదు. బడిలో పిల్లలకు కాగితం పడవలు నేర్పాను. ఒక పిల్ల "టీచర్, బుడ్లు ఎప్పుడు నేర్పిస్తారు" అంది. బయటికి పంపేశాను పాపం, ఏ తప్పూ లేకుండా.

మార్చి 23

నిన్న రాత్రి ఆయన: "గీకి సూడు, లేదంటే బాయిలో పారెయ్. రోజూ దాన్నే సూస్తా కూకుంటే ఏమొస్తాది?"

బావిలో పారేస్తే ఊరంతా తాగుతుంది అన్నాను. పొద్దున చూస్తే బుడ్డి మీద గిన్నె బోర్లించి ఉంది. ఆయనే పెట్టారు. ఆయనకీ నిద్ర లేదు, పైకి చెప్పరు. అటక మీద పెట్టింది తనేనని ఒక్కసారి కూడా అనలేదు, అన్నం ముందు కూర్చుని చేతులు మాత్రం చాలాసేపు కడుక్కుంటున్నారు.

మార్చి 24

రుద్రమ్మ మనిషిని పంపింది. రేపు పదకొండో దినం, రమ్మని. ఇంకో మాట కూడా — మరిదికి దగ్గు పట్టుకుందట, నెత్తురు పడిందట. ఆయనకూ ఒక బుడ్డి చేసి పెడతావా అని. "మీ చేతి బుడ్డి అయితే మనసుకు ధైర్యమంట" అన్నాడు వచ్చిన మనిషి.

చేస్తానన్నాను. ఎలా అన్నానో తెలియదు. మట్టి ఇంకా మిగిలి ఉంది మూలన, గోనెపట్టా కింద.

మార్చి 26, శనివారం

గోనెగండ్ల నుంచి కార్డు. పాస్టరయ్య భార్య చేతిరాత, మాటలు ఎస్తేరువి. అలాగే ఎత్తి రాసుకుంటున్నాను:

"టీచరమ్మకు. నాలుగు దినాల నుంచి మళ్లా కాళ్లు వాసినాయి. రొట్టె పోవడం లేదు. ఊపిరి ఆడక కూసోనే నిద్రపోతాండాను. టీచరమ్మా, ఇది నా బుడ్డి కాదు. నా బుడ్డికి మూతి కాడ పంటికి తగిలే గరుకు ఉండె. దీనికి లేదు. నువ్వు ఎందుకు మార్సినావో నాకు తెల్దు. నువ్వు ఊరికే సెయ్యవు, అందుకే ఎవురితోనూ అనలే. నా బుడ్డి నాకు తెచ్చియ్యి. అది ఉన్నన్ని దినాలు బాగుంటి. తొందరగా రా."

మూతి దగ్గర వేలు పెట్టి చూశాను. ఉంది. చిన్న గరుకు. నాకు తెలియనే తెలియదు, నేనెప్పుడూ దానితో తాగలేదు కదా.

ఆయనకు చదివి వినిపించాను. "పాషాణం అట్లే మరి. కొంచెం కొంచెం పోతే మొదట ఒళ్లు తేరినట్లే ఉంటాదంట, మిల్లులో అనుకుంటాండ్రి," అన్నారు. మళ్లీ తనే, "లేదంటే ఉత్త నీళ్లు. నమ్మకం. అది పోతానే జబ్బు తిరగబడింది." ఏది అని అడిగాను. నా వైపు చూడకుండా బయటికి వెళ్లారు.

మార్చి 27, ఆదివారం, పొద్దున్నే

బస్సు ఎనిమిదికి. ఎస్తేరు ఎదురు చూస్తూ ఉంటుంది. కూర్చునే, ఊపిరి అందక.

దారం లేకపోతే ఈ బుడ్డి ఆమెకు తిరిగి ఇచ్చేయవచ్చు. ఈ పూటే. బతుకుతుందేమో. అప్పుడు నాగప్పను చంపింది నేను, ఇక దానికి అనుమానం ఉండదు. దారం ఉంటే నాగప్ప నా పాపం కాదు. కానీ ఎస్తేరుకు ఏం తీసుకుపోను? ఏమని చెప్పను? ఎన్ని గుక్కలు పోయాయో, ఎన్ని రోజులు మిగిలాయో.

చూడకుండా ఇవ్వలేను. ఇవ్వకుండా పోలేను.

ఈ వారం అంతా నాకేం కావాలో అదే అడుక్కున్నాను. పొద్దున లేచి ఎస్తేరుకేం కావాలో అడుగుదామని దేవుడి ముందు నిలబడ్డాను. నిలబడి, నోట్లోకి మళ్లీ అదే వచ్చింది. దారం ఉండాలి, స్వామీ.

పొడిగా గీకితే పిచ్చుకలు పోతాయి. ఇచ్చేదే అయితే పిచ్చుకలు ఉండాలి. అందుకని మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టాను.

ఏడు కొట్టింది. గుడ్డ నల్లబడింది. మట్టి మెత్తబడుతోంది.